నాలుగో పేజీలో పిల్లాడు

నా చిన్నప్పుడు బెజవాడ కృష్ణలంకలో మా సందు చివర ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అందులో లక్ష పుస్తకాలుండేవని నేను చెబుతుంటాను. మా చెల్లెలు మూడొందలకి మించి ఉండవంటుంది. మీరు ఇద్దరి మాటకీ మధ్యలో ఎక్కడో ఆగండి. నా మాటలు సగం తగ్గించుకుని వినాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ నన్ను కోతలమ్మ అనేది. మొసలి వీపు మీద కూర్చుని కృష్ణ దాటి సీతానగరం వెళ్ళొచ్చానని బడిలో చెప్పి, నమ్మనివాళ్ళకి మోకాలి మీద గాయం చూపించేదాన్ని. అది వీధి పంపు దగ్గర జారిపడితే తగిలిన గాయం. యాభై దాటినా ఆ బుద్ధి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు చెప్పేది మాత్రం తగ్గించుకోకుండా వినండి.

ఆ కొట్టులో నాకు కావలసినవి నీలకవచుడి బొమ్మల పుస్తకాలు. ఎక్కడో పరాయిదేశంలో గీసిన బొమ్మలకి మనవాళ్ళెవరో తెలుగు మాటలు అతికించి అచ్చు వేసేవారు. నీలకవచుడు నీలిరంగు ఉక్కు చొక్కా తొడుక్కుని ఆకాశంలో ఎగురుతాడు. స్వర్ణపురి అనే నగరాన్ని ప్రతి సంచికలోనూ ఒకసారి కాపాడతాడు. ఎవణ్ణయినా కొట్టేముందు ఎందుకు కొడుతున్నాడో, ఎలా కొడుతున్నాడో విడమరిచి చెబుతాడు. అంతసేపూ ఆ దుర్మార్గుడు కదలకుండా నిలబడి వింటాడు. అప్పట్లో నాకు అందులో వింతేమీ కనపడలేదు. మా లెక్కల మాస్టారు కూడా అలాగే కొట్టేవారు.

పుస్తకాలు చేతులు మారి మారి చిరిగిపోతే కొట్టాయన వాటిని గోనెసంచిలో వేసి మా పక్కింటికి పంపేవాడు. పక్కింటి అక్క వాటికి బైండింగు చేసేది. మైదా పిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసేది. నాలుగేసి సంచికలు ఒకటిగా పేర్చి, అయిదు చోట్ల సూది దించి నీలం దారంతో కుట్టేది. వెనకవైపు పాత చీర పేలిక అంటించి, పైన దళసరి అట్ట వేసి, ఆరేదాకా సన్నికల్లు బరువు పెట్టేది. వేసవి సెలవులు వస్తే పొద్దున్నే చద్దన్నం తిని వాళ్ళ వరండాలో చేరడమే నా పని. కుట్టుకి ముందు ఒక్కో సంచికా నాది.

అద్దె పుస్తకాలు చదివేవాళ్ళకి అప్పట్లో ఒక అలవాటుండేది. చదివి ఊరుకునేవారు కాదు. చివరి పేజీ అడుగున అభిప్రాయం రాసి మరీ తిరిగిచ్చేవారు. ఒకడు ‘సూపర్’ అని రాస్తే, దాని కింద ఇంకొకడు ‘నీ మొహం’ అని రాసేవాడు. హంతకుడెవరో మొదటి పేజీలోనే రాసిపెట్టే పుణ్యాత్ములు కూడా ఉండేవారు. అక్కకీ ఆ అలవాటు అంటుకుంది. చెవి మీద పెన్సిలు ముక్క పెట్టుకుని ఉండేది. అందరిలా బాగుంది, బాగాలేదు అని మాత్రం రాసేది కాదు. కథలో వదిలేసినవాళ్ళ సంగతి అడిగేది.

దొంగల కారు ఆపడానికి నీలకవచుడు ఏటి మీద వంతెన విరిచేసిన సంచిక ఒకటుంది. నేను దాన్ని వరండా అంతా ఎగురుతూ చదివి వినిపించాను. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంది.

“దొంగలు దొరికారు, బాగానే ఉంది. మర్నాడు పాలవాడు ఏరు ఎలా దాటాడే?”

“ఎగిరొచ్చాడు,” అన్నాను.

“పాలకేన్లతోనా?”

“కేన్లు ముందు ఎగిరొచ్చాయి, వెనకాల ఆయనొచ్చాడు.”

అక్క నవ్వింది. అక్క నవ్వడం అరుదు. ఆ నవ్వు కోసం నేను ఎంత కోతకైనా సిద్ధం.

అక్కది సముద్రం పక్క ఊరు. ఉప్పెన వచ్చిన ఏడాది అమ్మా నాన్నా పోతే, మా పక్కింట్లో ఉండే పెద్దమ్మ వెళ్ళి తీసుకొచ్చుకుంది. అప్పటికి అక్కకి పంతొమ్మిదేళ్ళుంటాయి. నాకు తెలిసింది అంతవరకే. ఆ పైన ఏమన్నా మాట వస్తే మా అమ్మ నా వైపు చూసి ఆపేసేది.

ఆ వేసవిలో ఒకరోజు గోనెసంచిలోంచి నేను చదవని సంచిక ఒకటి బయటపడింది. అట్ట మీద మేడంత ఎత్తు అల, దాని ముందు చేతులు చాచిన నీలకవచుడు. నాకు ఒళ్ళు పులకరించిపోయింది. ఎవరి ముందు చదువుతున్నానో ఆలోచించే వయసు కాదు, ఆలోచించే పిల్లనూ కాదు. హోరుమని నోటితో గాలి చప్పుడు చేస్తూ చదివేశాను. రెండో పేజీలో అల లేస్తుంది. మూడో పేజీలో ఊరి మీద పడుతుంది. ఏడో పేజీలో నీలకవచుడు వచ్చి, గిర్రున తిరిగి సుడిగాలి పుట్టించి, సముద్రాన్ని వెనక్కి తోసేస్తాడు. చివరి పేజీలో జనం చప్పట్లు. ‘అందరూ క్షేమం!’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది.

నేను చదవడం ఆపి చూస్తే అక్క చేతిలో సూది ఆగిపోయి ఉంది.

“ఏ పేజీలో వచ్చాడన్నావు?”

“ఏడు.”

“అల వచ్చింది?”

“రెండు.”

అక్క పుస్తకం తీసుకుని మధ్య పేజీలు నెమ్మదిగా తిప్పింది. నాలుగో పేజీలో ఆగింది. ఆ పేజీ మూలన, నీళ్ళలో ఒరిగిన కొబ్బరిచెట్టు మీద ఒక పిల్లాడున్నాడు. వేలి గోరంత బొమ్మ. రంగు కూడా సరిగ్గా పడలేదు. అంత హోరెత్తించి చదివినా నా కంటికి ఆనని పిల్లాడు.

“మా తమ్ముడూ ఇంతే ఉంటాడు,” అంది అక్క.

“నీకు తమ్ముడున్నాడా? ఏడీ?”

“తెలీదు.” పుస్తకం కళ్ళ దగ్గరకి తెచ్చుకుని, “ఎడం కనుబొమ మీద మచ్చుంటుంది వాడికి. గడప తగిలి పడ్డాడు,” అంది. తర్వాత చివరి పేజీ తిప్పి, చప్పట్లు కొడుతున్న మొహాలన్నిటి మీదా వేలు పెట్టి వెతికింది. ఆ పిల్లాడు లేడు. “మరి వీడేమయ్యాడే?” అని నన్నే అడిగింది.

నాకు జవాబు లేని ప్రశ్నంటే భయం. ఇప్పటికీ భయమే. “తర్వాత సంచికలో దొరుకుతాడక్కా. నేను చదివాను,” అన్నాను. తర్వాత సంచిక అనేది అసలు వచ్చిందో లేదో కూడా నాకు తెలియదు.

“ఎలా దొరికాడు?”

అక్కడ మొదలైంది. చెట్టు వేళ్ళతో సహా లేచి పడవలా తేలిందన్నాను. దాని మీద పిల్లాడు మూడు రోజులు కొబ్బరినీళ్ళు తాగి బతికాడన్నాను. మర్నాడు వెళ్ళగానే అక్క, “ఇవాళ ఎక్కడున్నాడే వాడు?” అంది. ఒక చేపల పడవవాళ్ళు చూశారన్నాను. ఆ పై రోజు పడవకి చిల్లు పడిందన్నాను, మర్నాడు పిల్లాణ్ణి ఒడ్డున పడేశాను. రోజూ ఒక ముక్క. అక్క తల వంచుకుని కుడుతూ వినేది. మధ్యలో ఆకలేసిందా అని, కాళ్ళకి చెప్పులున్నాయా అని అడిగేది. నేను వెంటనే అన్నం పెట్టించేదాన్ని, చెప్పులు తొడిగించేదాన్ని. అలా పది రోజులు గడిచాక నా దగ్గర కథ అయిపోవచ్చింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ నన్ను నాలుగు రోజులకని మైలవరం తీసుకెళ్ళింది. మా మావయ్య వాళ్ళది ఆ ఊరే.

మైలవరంలో ఉన్న నాలుగు రోజులూ నేను ఆలోచించింది ఒకటే, తిరిగెళ్ళాక అక్కకి ఏం చెప్పాలా అని. బస్టాండు దగ్గర గోలీసోడా కొట్టులో ఒక కుర్రాడు సీసాలు కడుగుతున్నాడు. చాలనుకున్నాను.

“అక్కా, వాణ్ణి చూశాను!”

“ఎవర్నే?”

“నాలుగో పేజీలో పిల్లాణ్ణి. ఇది పుస్తకంలో కాదు, నిజంగా. మైలవరం బస్టాండు దగ్గర సోడా కొట్టాయన పెంచుకుంటున్నాడు. ఉప్పెనప్పుడు దొరికాడంట. ఎడం కనుబొమ మీద మచ్చ కూడా ఉంది.”

కోతలో ఒక చిన్న నిజం కలిపితే అది తన కాళ్ళ మీద తను నిలబడుతుందని తొమ్మిదేళ్ళకే నాకు తెలుసు. కానీ నిలబడ్డది నడుచుకుంటూ కూడా పోగలదని తెలియదు.

“పేరేంటంట?” అంది అక్క.

“మర్చిపోయాడంట.”

ఆ రోజు అక్క ఇంకేమీ కుట్టలేదు. జిగురు గిన్నెలో మైదా అట్ట కట్టింది. నవ్విందా అని చూశాను. నవ్వలేదు. కానీ మొహంలో ఏదో వెలుగు. నా ప్రతిభకి నేనే మురిసిపోయి ఇంటికొచ్చి పడుకున్నాను.

ఆదివారం పొద్దున్న అక్క చర్చికి వెళ్ళలేదు. వాళ్ళ పెద్దమ్మ సందంతా తిరిగి అందర్నీ అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. మధ్యాహ్నానికి మా ఇంట్లో కూడా పొయ్యి దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడే మొదటిసారి ఆ మిగతా సంగతి మా అమ్మ నోట విన్నాను. ఉప్పెన రోజు తమ్ముణ్ణి కొబ్బరిచెట్టుకి తువ్వాలుతో కట్టింది అక్కేనట. నీళ్ళు తీశాక చూస్తే చెట్టుంది, తువ్వాలుంది, తమ్ముడు లేడు. ఎక్కడా దొరకనూ లేదు. సంఘంలో ఉప్పెనలో పోయినవాళ్ళ కోసం జ్ఞాపకార్థ కూడిక పెట్టి పేర్లు చదివితే, అమ్మ పేరు, నాన్న పేరు చదవనిచ్చి, తమ్ముడి పేరు దగ్గర అక్క లేచి నిలబడి పాస్టరుగారిని వద్దందట. దొరకలేదు కదా అందట.

అక్క ఎక్కడికెళ్ళిందో ఆ సందు మొత్తంలో తెలిసింది నాకొక్కదానికే. చెప్పలేదు.

సాయంత్రం చర్చి గంట కొట్టేవేళకి అక్క తిరిగొచ్చింది. చేతిలో మామిడికాయల సంచి. జుట్టంతా దుమ్ము.

“చెప్పా పెట్టకుండా ఎక్కడికి పోయావే? పాస్టరుగారు కూడా అడిగారు. నా ప్రాణం పోయిందనుకో!” అని పెద్దమ్మ అరిచింది.

“మైలవరం వెళ్ళాను పెద్దమ్మా. ఆవకాయకి కాయలు.”

“కాయలకి మైలవరమా! బెజవాడలో కాయలు కరువొచ్చాయా?”

“అక్కడివి బాగుంటాయన్నారు.”

“ఎవరే ఆ అన్నది?”

అక్క గోడకి ఇవతల నిలబడ్డ నన్ను చూసింది. నేను గోడలోకి ఇంకిపోదామనుకున్నాను.

“ఎవరో. బస్సులో అన్నారు,” అంది.

మర్నాడు పిలిస్తే తప్పక వెళ్ళాను. అక్క కత్తిపీట దగ్గర కూర్చుని ఆ కాయలే కొడుతోంది. నాకొక గుడ్డ ఇచ్చి టెంకల్లో జీడి తీసి ముక్కలు తుడవమంది. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. సోడా కొట్లు రెండున్నాయట. మొదటి కొట్టులో ముసలాయన ఒక్కడే. రెండో కొట్టులో కుర్రాడున్నాడు. వాడు ఆ కొట్టాయన సొంత కొడుకే. అది తెలిశాక కూడా అక్క వాడి నుదుటి మీద జుట్టు పైకి తీసి చూసింది. మచ్చ లేదు. ఆ కొట్టాయన ఏమనుకున్నాడో ఏమో, బల్ల మీద కూర్చోమని సోడా కొట్టి చేతికిచ్చాడట.

“బాబు భయపడ్డాడే పాపం,” అంది అక్క.

నేను ఏడుపు మొదలుపెట్టాను. అక్క కత్తిపీట పక్కకి జరిపింది.

“నువ్వు కోత కోస్తున్నావని నాకు తెలీకనా? పేరు మర్చిపోయాడన్నప్పుడే తెలిసింది. మా వాడు వాడి పేరు మర్చిపోయే రకం కాదు. తెలిసే బస్సెక్కాను. ఎక్కకుండా ఉండలేకపోయానంతే.”

“అమ్మకి చెబుతావా?”

“చెప్పను. కథలు చెప్పు, ఎన్నైనా వింటాను. పాలకేన్లు ఎగిరాయని చెప్పు. కానీ ఎవరన్నా ఏమయ్యారని అడిగితే, నీకు తెలీకపోతే, తెలీదని చెప్పమ్మా. తెలీదంటే కష్టంగానే ఉంటుంది. అది మోయడం నాకు అలవాటైంది. నిన్నటి ఆశ మోయలేకపోయాను.”

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకు రెండు ముక్కలు ఉప్పు అద్ది ఇచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. అంత పుల్లటి కాయ నేను మళ్ళీ తినలేదు.

ఆ అల సంచికని ఆ వారమే మిగతా మూడిటితో కలిపి కుట్టేసింది. నేను మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. కొట్టుకి వెళ్ళినా ఆ అర వైపు చూసేదాన్ని కాదు.

ఆ ఏడాది చలి మొదలయ్యాక సంఘంలో మళ్ళీ జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పక్కింటివాళ్ళం కాబట్టి మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. పాస్టరుగారు పేర్లు చదువుతున్నారు. అక్క అమ్మ పేరు, నాన్న పేరు, ఆ తర్వాత తమ్ముడి పేరు. అక్క లేవలేదు. పెద్దమ్మ అక్క వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చుట్టూ ఆడవాళ్ళు, పోనీలే, ఇన్నాళ్ళకి ఒప్పుకుందన్నారు. ఆమె మైలవరం బస్సులో వెళ్ళి ఏం పోగొట్టుకొచ్చిందో వాళ్ళకి తెలియదు. ఎవరికీ చెప్పలేదు నేను. ఇప్పుడే చెబుతున్నాను.

మొన్న ఒక ఆదివారం ఏలూరు రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరిచి అమ్మేచోట ఏదో వంటల పుస్తకం కోసం వంగాను. అడుగున ఒక దళసరి అట్ట బైండు కనపడింది. వెనక అంటించిన చీర పేలిక మీద పసుపు పువ్వులు వెలిసిపోయి ఉన్నాయి. తెరిస్తే నీలం దారం, అయిదు కుట్లు. బేరం ఆడకుండా తెచ్చుకున్నాను. అమ్మినవాడు కంగారుపడ్డాడు, ఇంకాస్త ఎక్కువ చెప్పాల్సిందని.

ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని నాలుగు సంచికలూ మొదటినుంచి చదివాను. నిజం చెప్పాలంటే చాలా నాసిరకం పుస్తకాలు. నీలకవచుడి నీలం గీత దాటి ఆకాశంలోకి కారిపోయి ఉంటుంది. మాటలు అతికించినాయనకి ఒకే తిట్టు వచ్చు, అందరి చేతా అదే తిట్టించాడు. స్వర్ణపురిలో ఆడవాళ్ళకి కేక వేయడం తప్ప ఇంకో పని లేదు. అన్నం వండేవాళ్ళు, వీధులూడ్చేవాళ్ళు ఒక్కరూ కనపడరు. ప్రతిసారీ సగం నగరం కూలుతుంది, వచ్చే సంచికకి మళ్ళీ కొత్తగా నిలబడి ఉంటుంది. కట్టినవాళ్ళెవరో చెప్పరు. ఇన్ని తప్పులు పడుతున్నది నా తెలివి కాదు, అక్క పెన్సిలు. వంతెన సంచిక చివర చిన్న అక్షరాలతో ‘పాలవాడి సంగతి?’ అని ఉంది. దాని కింద ఎవరో కుర్రవాడు ‘ఏ పాలవాడు?’ అని ఇంకుతో రాసి మూడు ప్రశ్నార్థకాలు పెట్టాడు.

అల సంచిక చివరికి తెరిచాను. ‘సూపర్’, ‘బోరు’, ‘నీలకవచుడికి జై’. ‘అందరూ క్షేమం’ అన్నచోట అక్క ఏమన్నా రాసి ఉంటుందని వెతికాను. ఏమీ లేదు. తర్వాత నాలుగో పేజీ తిప్పాను.

కొబ్బరిచెట్టు పక్కన, ఆ వేలి గోరంత పిల్లాడి నెత్తి మీద, పెన్సిలుతో ఒక పేరుంది. పక్కన ‘ఎనిమిదేళ్ళు’ అని ఉంది. ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళుగా ఎంతమంది చేతుల్లో తిరిగిన పుస్తకమో అది. అన్ని పేజీల మీదా ఏదో ఒకటి గీకినవాళ్ళు ఆ పేరు మీద మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ పేరు నేనిక్కడ రాయను. అది అక్క రాసుకున్నచోటే ఉండాలి.

ఇప్పటికీ మా ఇంట్లో పిల్లలు చేరితే నేను మొసలి కథ చెబుతాను. మొసలి ఏటేటా పెద్దదవుతోంది. కానీ ఆ మామిడికాయల రోజు నుంచీ, ఎదురుగా లేని మనిషి గురించి ఎవరన్నా అడిగితే నా నోరు కథ కట్టదు. మా మావగారి ఆఖరి రోజుల్లో ఆసుపత్రి వరండాలో మా అత్తగారు, “బతుకుతారా అమ్మాయ్?” అని అడిగినప్పుడు కూడా, “తెలీదత్తయ్యా,” అని పక్కన కూర్చున్నాను. అందరూ నన్ను రాయి అన్నారు. ఆవిడ మాత్రం నా చెయ్యి వదల్లేదు.

ఇది విన్నాక మీరు ఆ అక్క తర్వాత ఏమయిందని అడుగుతారు. కుట్టుపని మానేసి నర్సు చదువుకని వెళ్ళింది. మొదట్లో రెండు ఉత్తరాలు రాసింది. పెద్దమ్మ పోయాక ఆ ఇల్లు చేతులు మారింది. ఆ పైన అక్కని ఎక్కడికైనా తీసుకెళ్ళగలను నేను. గన్నవరంలో విమానం ఎక్కించగలను, పెద్ద ఆసుపత్రిలో తెల్లచీర కట్టించి, చుట్టూ పిల్లల్ని నిలబెట్టి నవ్వించగలను. నాకది ఎంతసేపు పని?

తెలియదు. అక్క ఏమయిందో నాకు తెలియదు.